బెల్టుకు ఇప్పనూనె

తొమ్మిదింటికి దంతెవాడలో రత్నమాల పెళ్లి. గీదం రైల్వే క్వార్టర్లలో ఉండే ఆమె పిన్ని నూకమ్మ ఏడింటికే పట్టుచీర కట్టి, గడపలో నిలబడి మొగుడికి షరతు పెట్టింది.

"పాత బండి చైను నా చీరలు నాలుగు తినేసింది. దీనికి ఒక్క నూనె బొట్టు అంటినా కొత్త బండి అమ్మీయాల."

"చైనే లేదు కదే, ఇది బెల్టు. నూనెక్కడ్నుంచొస్తాది?" అన్నాడు బంగారురాజు. నెల రోజులుగా వీధి వీధికీ ఇదే పాఠం: చైనుకు వారం వారం నూనె పెట్టాలి, బెల్టుకు ఏమీ పెట్టకూడదు, పెడితే జారిపోతుంది.

ఆ పాఠం పక్కింటి సుక్కా రెండుసార్లు విన్నాడు. దోర్నపాల్ వైపు మనిషి. తన చైను బండి మీద అతనూ పెళ్లికి వెనకే బయల్దేరాడు.

దంతెవాడ ఇంకా నాలుగు కిలోమీటర్లుందనగా ఎత్తు వచ్చింది. ఇంజను అరిచింది, చక్రం తిరగలేదు.

"పెట్రోల్లో కల్తీ," అని తేల్చేశాడు బంగారురాజు.

సుక్కా ఆగాడు. వంగి చూశాడు. సంచిలోంచి సీసా తీసి బెల్టు మీద వంపాడు.

"ఏట్రా అది?"

"ఇప్పనూనె. పొద్దున పోసింది సరిపోలే రాజన్నా."

"పొద్దున్నా పోశావా? నూనె వద్దని చెప్పాను కదరా!"

"వద్దన్నది నువ్వు. బండి అన్లే."

అంతలో దంతెవాడ నుంచి వస్తున్న తెలిసినవాడు వినోద్ ఆగాడు. అతనిది షాఫ్టు బండి, చక్రాన్ని తిప్పేది గొట్టంలో ఉండే ఇనుప కడ్డీ.

"షాఫ్ట్ కొనాలె భయ్యా. చైన్ నహీ, బెల్ట్ నహీ. నూనె లోపలే ఉంటది, బయటికి రాదు."

"వస్తే?" అంది నూకమ్మ.

"రిపేరుకు రాయ్‌పూర్ పోవాలె. ఇప్పుడు అక్కడికే పోతున్నా."

మూడింట్లో ఏది మేలో తేల్చడానికి మగాళ్లు ముగ్గురూ రోడ్డు పక్కన కూర్చున్నారు. ఎనిమిదిన్నర అయింది.

"సుక్కా, నీ బండి తియ్యి," అంది నూకమ్మ.

ఎక్కి వెళ్లిపోయింది. సుక్కా బండి చైనుకు రేకు కవరుంది, చీరకు నూనె అంటదు. బంగారురాజు పాత బండికీ ఉండేది. గడగడమంటోందని అతనే పీకేశాడు.

బంగారురాజు ఉత్తరీయంతో బెల్టు తుడిచి, ఎత్తుల్లో బండిని తోసుకుంటూ వచ్చేసరికి భోజనాలు నడుస్తున్నాయి. నూకమ్మ చీర చుట్టూ ఒకసారి తిరిగి చూశాడు.

"మరక లేదు. అంటే బండి అమ్మక్కర్లేదు కదా?"

నూకమ్మ అతని పంచె చూసింది, చొక్కా చూసింది.

"అమ్మొద్దు, ఉంచుకోండి. ఇంటికి మాత్రం నేను సుక్కా బండి మీదొస్తాను."

బయట సుక్కా, ఎవరో బెల్టంతా తుడిచేశారని గమనించి, మూడోసారి నూనె పోస్తున్నాడు.