నత్తలలంక రోడ్డు

ముందే చెబుతున్నాను, ఇందులో ఒక్క మాట కూడా కల్పించింది కాదు. కొల్లేటి గట్టున పుట్టి పెరిగినవాణ్ణి, అతిశయోక్తి నా ఒంటికి సరిపడదు. మొన్న నాకు పడిన కొర్రమేను దోనెకంటే పొడుగున్నా, దోనెంతే అని తగ్గించి చెప్పుకున్నాను.

2008 వానాకాలం. పల్లెదారుల శాఖ మంత్రిగారు తాడేపల్లిగూడెం సభలో గంభీరంగా ప్రకటించారు: "ఇకమీదట ఈ రాష్ట్రంలో ఎవరూ ఎవర్నీ దారి అడగక్కర్లేదు."

దారి చెప్పే సాఫ్ట్‌వేరు వచ్చిందట. ఓపెన్ సోర్స్. ఊరికే దొరుకుతుంది, ఎవరికి కావలసినట్టు వాళ్ళు మార్చుకోవచ్చు. ఆ స్వేచ్ఛను శాఖవారు నిండుగా వాడుకున్నారు. అందులో ఉన్న గొంతు తీసేసి మంత్రిగారి గొంతు పెట్టారు.

చప్పట్లు ఆగాక వెనక వరసలోంచి కృపమ్మ లేచింది. ఆవిడ నత్తలలంక సర్పంచి. ఊరు కొల్లేటి నడుమ ఉంది. వానలొస్తే దోనె తప్ప దారి లేదు. అంతకు ముందేడు ఊళ్ళోని హన్నమ్మను పురిటికని ఏలూరు తీసుకెళుతుంటే, దోనెలోనే బిడ్డ భూమ్మీద పడింది. ఆనాటి నుంచి కృపమ్మకు రోడ్డు ఒక్కటే పట్టు.

"మా లంకకి రోడ్డు వేయించండి బాబూ."

మంత్రిగారి పక్కనున్న డిజిటల్ ఆఫీసరు నిత్యానందం లాప్‌టాప్‌లోకి తొంగి చూశాడు. "మీకు రోడ్డుందండీ."

"ఎక్కడండీ?"

"మ్యాపులో. కొంచెం గతుకులు. సర్వేలో మా బండి, మనిషి నడకకంటే నెమ్మదిగా వెళ్ళింది. అందుకని రిపేరు కూడా చేయించేశాం. ఉన్న రోడ్డుకి మళ్ళీ రోడ్డు వేయడానికి రూల్సు ఒప్పుకోవండీ."

"అయితే ఆ గీత చెరిపేయండి బాబూ. రోడ్డు లేనోళ్ళ కిందన్నా లెక్కకొస్తాం."

మంత్రిగారు మాటల మనిషి కారు, చేతల మనిషి. "ఇప్పుడే ఆ రోడ్డు మీద వెళ్ళి చూపిస్తానమ్మా. దారిలో ఎవర్నీ ఏమీ అడగడానికి వీల్లేదు" అని, సాక్షిగా కృపమ్మనూ కారెక్కించుకున్నారు.

ఏలూరు దాటింది. కారు చేపల చెరువుల గట్లెక్కింది. చివరికి గట్టూ అయిపోయింది.

"సార్, ఎదర నీళ్ళండి" అన్నాడు డ్రైవరు మునీర్.

"మ్యాపులో లేవు కదా" అన్నాడు నిత్యానందం.

"నేరుగా సాగండి" అంది స్టీరింగు పక్కన బిగించిన దారి చెప్పే పెట్టెలోంచి మంత్రిగారి గొంతు.

టైర్లు మునిగాయి. "ఆపవయ్యా" అన్నారు సీట్లోని మంత్రిగారు.

"నేరుగా సాగండి" అన్నారు పెట్టెలోని మంత్రిగారు.

మునీర్ ఏలూరువాడు, మర్యాద తెలిసినవాడు. "తమరిద్దర్లో ఎవరి మాట వినమంటారండీ?"

మంత్రిగారు ఆలోచనలో పడ్డారు.

"రికార్డయిందే అఫీషియలండీ" అన్నాడు నిత్యానందం.

హెడ్‌లైట్లు మునిగాక ఇంజనే ఆగిపోయింది. కృపమ్మ కుచ్చెళ్ళు ఎగదోపుకుని దిగి, గట్టున కట్టిన తన దోనె తెచ్చింది. మంత్రిగారు అందులో కూర్చున్నారు. దారి చెప్పే పెట్టె ఊడదీసుకుని, లాప్‌టాప్‌ను పసిబిడ్డలా పట్టుకుని నిత్యానందమూ ఎక్కాడు. కాసేపటికి వాడి మొహం వెలిగింది.

"సార్, ఇప్పుడు సరిగ్గా రోడ్డు మధ్యలో ఉన్నామండీ. వెంట్రుకవాసి తేడా లేదు."

"ఎందుకుంటుందండీ" అంది కృపమ్మ గెడ వేస్తూ. "నిరుడు వరదల్లో మిమ్మల్ని సర్వేకి ఈ దోనెలోనే తోసుకొచ్చింది నేనేగా. నీళ్ళకి భయపడి మీరు కళ్ళు మూసుకు కూర్చున్నారు. అదిగో, అక్కడ తూడు మొక్కలు అడ్డమొస్తే దోనె వంపు తిప్పాను. మీ రోడ్డుకీ వంపుందేమో చూడండి."

నిత్యానందం చూశాడు. ఉంది.

"అక్కడ 'ప్రమాదకరమైన మలుపు' అని బోర్డు కూడా శాంక్షన్ చేశామండీ" అన్నాడు మెల్లగా.

లంక ఒడ్డుకు దోనె తగిలింది. "మీరు గమ్యం చేరుకున్నారు" అంది పెట్టె. జనం చప్పట్లు కొట్టారు. మంత్రిగారు దిగి, కృపమ్మకు రెండు చేతులూ జోడించి, "పొరపాటు మాదేనమ్మా" అన్నారు.

"అయితే ఆ గీత చెరిపిస్తారా బాబూ?"

"తప్పకుండా పరిశీలిస్తాం."

పరిశీలించారు కూడా. రిపేరైన రోడ్డును చెరపడం కుదరదని తేలింది. రోడ్డు ఉన్నప్పుడు దాని మీద తిరిగేది వాహనమే కదా అని, శాఖవాళ్ళు వచ్చి దోనె ముక్కుకి నంబరు ప్లేటు కొట్టారు. ఎడమ పక్కన నడపాలని కృపమ్మకు బోధించారు.

"హారను అక్కర్లేదా బాబూ?" అని అడిగింది కృపమ్మ.

"అది రెండో దశలో అండీ."

ఆ వానల్లోనే ఇంకో పురుడు దోనెలో జరిగింది. ఆడపిల్ల. సర్టిఫికెట్టులో పుట్టిన స్థలం దగ్గర 'నత్తలలంక రోడ్డు' అని అచ్చేసి ఇచ్చారు.

ఇంతకీ మొదట్లో ఒక్క మాటా కల్పించలేదన్నాను కదా. కొర్రమేను జానెడే. అది చేపల సంగతి, కథలోకి రాదు. నంబరు ప్లేటూ నిజమే, సర్టిఫికెట్టూ నిజమే. మంత్రిగారు "పొరపాటు మాదేనమ్మా" అన్నారని రాశానే, అదొక్కటీ నేను కల్పించాను.