రెండో ఇటుక

ఆ సోమవారం పొద్దున బిక్షపతి వేసుకున్న పథకం చాలా చిన్నది. అయిదున్నరకు లేవాలి. కూతురు మానసను స్కూటర్ ఎక్కించుకుని నాచారం పారిశ్రామికవాడ వెనక, మూతపడ్డ ఫ్యాక్టరీ గోడ పక్కనున్న ఖాళీ జాగాకు తీసుకుపోవాలి. అక్కడ వంద మీటర్లు కొలిచి, పిల్లను పరిగెత్తించి, టైము చూడాలి. తొమ్మిదింటికల్లా వచ్చి కొట్టు షట్టరు ఎత్తాలి.

పరుగుల సీజన్ మొదలవడానికి మూడు వారాలుంది. మానస రోజూ ప్రాక్టీసు చేసే ట్రాక్‌కు మరమ్మతులు నడుస్తున్నాయి. "ఈ మూడు వారాలూ టైములు చూడొద్దండి, మెట్లెక్కించి కాళ్లకు బలం తెద్దాం," అని కోచ్ సత్యవేణి చెప్పింది. టైము చూడకుండా పరిగెత్తించడమంటే బిక్షపతి దృష్టిలో తూకం వేయకుండా సరుకు కట్టివ్వడమే. అందుకే ఆమెకు చెప్పకుండా బయలుదేరాడు.

నాచారం మెయిన్ రోడ్డు మీద ఆయనది కరెంటు సామాను కొట్టు. ముప్పై ఏళ్లు తీగలు, స్విచ్చులు అమ్మగా అమ్మగా మనుషులను కూడా వాటితోనే లెక్కగట్టడం అలవాటైంది. ఉప్పల్‌లో ఉండే బామ్మర్ది బాలరాజు సన్న తీగ. చిన్న లోడుకే వేడెక్కుతాడు. పోచారంలో కంప్యూటర్ ఉద్యోగం చేసే మేనల్లుడు జీవన్ నాలుగు రంగుల లైట్లున్న స్విచ్చు. ఎన్నిసార్లు నొక్కినా ఫ్యాను మాత్రం తిరగదు. కాకినాడ నుంచి వచ్చి ఇక్కడ బడిలో ఆటల టీచరుగా చేస్తున్న సత్యవేణిని ఏ అరలో పెట్టాలో ఇంకా తేల్చుకోలేదు. తన విషయంలో మాత్రం ఆయనకు ఏ సందేహమూ లేదు. నాచారంలో కొలత తప్పని మనిషి ఒకడుంటే అది తానే.

కొట్లో ఉన్న టేపు అయిదు మీటర్లది. దాంతో వంద కొలవాలంటే ఇరవైసార్లు వంగి లేవాలి. ఆయన నడుము అందుకు ఒప్పుకోదు. ఇంట్లో వైరింగు మార్చడానికని తెచ్చుకున్న కొత్త తీగ చుట్ట స్కూటర్ డిక్కీలోనే ఉంది. ఆయన కుర్రతనంలో పని నేర్చుకున్న పాత బజారు సేటు దాన్ని 'నూరు చుట్ట' అనేవాడు. ఆ మాటే ఈయన నోట్లో స్థిరపడింది. ఒక కొసను ఇటుక కింద పెట్టాడు. చుట్టను విప్పుకుంటూ గోడ వెంబడి నడిచాడు. తీగ అయిపోయినచోట రెండో ఇటుక పెట్టి, రెండు చోట్లా సున్నం చల్లాడు.

"నాన్నా, జర టేపుతోటి గూడ సూస్తే మంచిగుంటదేమో," అంది మానస, కాళ్లు విదిలించుకుంటూ.

"నీకు ఉరుకుడు నేను నేర్పుతున్ననా? నాకు కొలుసుడు నువ్వు నేర్పకు."

మానస పరిగెత్తింది. బిక్షపతి ఫోనులో వాచీ నొక్కాడు. పదకొండు పాయింట్ నాలుగు సెకన్లు. పోయిన ఏడాది ఆమె పరిగెత్తిన అతి మంచి టైము పన్నెండు పాయింట్ ఆరు. మళ్లీ పరిగెత్తించాడు. పదకొండున్నర. మర్నాడు మళ్లీ పదకొండు పాయింట్ నాలుగు.

బిక్షపతి ఊరికే నమ్మే మనిషి కాదు. ఫోను వాచీని భార్య శారదమ్మ ఫోనుతో సరిచూశాడు. రెండింటినీ టీవీ వార్తల్లో నడిచే గడియారంతో సరిచూశాడు. తప్పు ఉండడానికి వీలున్న ప్రతిదాన్నీ పరీక్షించాడు, ఇటుకలను తప్ప.

"నాన్నా, ఈడ ఉరికితే నాకు జల్దీ అయిపోయినట్టు కొడ్తున్నది," అంది మానస మూడో రోజు.

"గదే గద బిడ్డా స్పీడంటే!"

సంతోషం పట్టలేక సత్యవేణికి ఫోను చేశాడు. ఆమె ఆ టైమును రెండుసార్లు చెప్పించుకుంది.

"బిక్షపతిగారూ, అంత టైము పరిగెత్తేవాళ్లు దేశం మొత్తమ్మీద వేళ్ల మీద లెక్కపెట్టేంతమందే ఉంటారండి. వాచీ ఒకసారి చూసుకోండి."

"మూడు గడియారాలతోటి సూసిన మేడం."

"అయితే దూరం చూసుకోండి."

"దూరమా? ముప్పై ఏండ్ల సంది కొలిసి అమ్ముతున్న. ఎవ్వడు ఇప్పటిదాంక తక్కువొచ్చిందని అనలే," అని ఫోను పెట్టేశాడు. ఆమెను ఏ అరలో పెట్టాలో అప్పుడు తేలిపోయింది. ఫ్యూజు. కరెంటు గట్టిగా వచ్చిందంటే తట్టుకోలేదు.

ఆ మాట బాలరాజు చెవిన పడింది. రెండు రోజులకల్లా ఉప్పల్ చౌరస్తాలో ఫ్లెక్సీ లేచింది. 'ఉప్పల్ మెరుపు – 11.4' అని అక్షరాలు. మధ్యలో మానస, పక్కన ఆమెకు రెండింతల సైజులో చేతులు జోడించి నిలబడ్డ బాలరాజు. కాలనీ వాట్సాప్ గ్రూపులో పదకొండు పాయింట్ నాలుగు సాయంత్రానికి పదకొండుగా మారింది. నాగోల్‌లోని చుట్టాల గ్రూపుకు చేరేసరికి పదిన్నరైంది. ఎవరి చేతిలో పడ్డా తగ్గింది గానీ ఎవరూ ఒక్క సెకను కలిపిన పాపాన పోలేదు.

"పదకొండంటే ఏందో తెల్వనోళ్లు గూడ మిఠాయి ఏదని అడుగుతున్నరు," అంది శారదమ్మ. "జర ఆగున్రి. పోటీ అయితే కానియ్యిన్రి."

"నీది గా సత్యవేణి మాటనే. ఇద్దరు ఒక్క బోర్డు మీది ఫ్యూజులు," అన్నాడు బిక్షపతి.

మొదటి పోటీకి బాలరాజు రెండు ఆటోల జనాన్ని, ఒక డప్పును తెచ్చాడు. తుపాకీ పేలింది. డప్పు మోగింది. మానస అయిదో స్థానంలో వచ్చింది. బోర్డు మీద 12.81 అని పడింది. డప్పు కొట్టేవాడు ఆపాలో కొనసాగించాలో తెలియక బాలరాజు వైపు చూశాడు. బాలరాజు అప్పటికే ఆటో వైపు నడుస్తున్నాడు.

ఆదివారం ఇంట్లో సభ జరిగింది. విషయం ఒకటే, పిల్ల ఫామ్ ఎక్కడ పోయింది? జీవన్ ల్యాప్‌టాప్ తెచ్చి మేజా మీద పెట్టాడు. పోటీ రోజు ఫోనులో తీసిన పరుగు వీడియోను ముక్కలు ముక్కలుగా కోసి, ఒక్కో ముక్క మీద ఎర్రగీతలు, పచ్చగీతలు గీసి, తొమ్మిది పేజీల రిపోర్టు తయారుచేశాడు.

"మామా, ప్రాబ్లం క్లియర్‌గ కనిపిస్తున్నది. ఎడమ మోచెయ్యి పద్నాలుగు డిగ్రీలు బయటికి పోతున్నది. తల మూడో అడుగుకే లేస్తున్నది. మడిమ నేలకు తాకుతున్నది."

"నువ్వెప్పుడన్న ఉరికినవా జీవన్?" అని అడిగింది మానస.

"డేటాకు ఉరికే పని లేదు మానసా."

"ఇగ నేను చెప్తా," అని బాలరాజు ముందుకు జరిగాడు. "బావా, నాచారంల పిల్ల తూర్పు దిక్కు ఉరుకుతది. ఆడ స్టేడియంల పడమర దిక్కు ఉరికిచ్చిన్రు. వాస్తు గొట్టింది. ఇంకోటి, బలం లేదు. రోజు పొద్దుగాల్నే మేక కాళ్ల పాయ తాగియ్యాలె."

బిక్షపతికి ఇద్దరి మీదా ఏమాత్రం గౌరవం లేదు. అయినా ఎవరి మాటా కాదనలేదు. ఎక్కడ లోపముందో తెలియని యంత్రానికి ఉన్న పార్టులన్నీ మార్చి చూసే మెకానిక్కులాగా అన్నీ ఒకేసారి బిగించాడు. మోచేయి బయటికి పోకుండా నల్ల ఇన్సులేషన్ టేపు చుట్టాడు. గడ్డం పైకి లేవకుండా మెడలో స్పాంజి పట్టీ వేశాడు. పొద్దున్నే గిన్నెడు పాయ తాగించాడు. ఆ బరువుతో, ఆ కట్లతో మానస గోడ పక్కన పరిగెత్తుతుంటే అటుగా షిఫ్టుకు పోయే కార్మికులు, పాపం ఏ దవాఖానా నుంచి తప్పించుకొచ్చిందో అన్నట్టు చూసేవాళ్లు.

సంగతి తెలిసి సత్యవేణి కొట్టుకే వచ్చింది.

"పిల్ల పరుగులో ఏ తప్పూ లేదండి. దయచేసి ఏమీ ముట్టుకోకండి. చివర్లో మాత్రం ఏదో అవుతోంది. అదేమిటో నాకింకా అంతుపట్టట్లేదు."

"అంతుపట్టకపోతే రావద్దు మేడం. మాకు తొమ్మిది పేజీలల్ల అంతుపట్టింది."

ఆమె వెళ్లిపోయింది. రెండో పోటీలో మానసకు పన్నెండు పాయింట్ తొంభై ఎనిమిది పడింది. ఏడో స్థానం. ఎనిమిదో పిల్ల మధ్యలో షూ ఊడి ఆగిపోయింది.

ఇంటికొచ్చాక మానస స్పైక్ బూట్లను తలుపు వెనక మేకుకు తగిలించింది.

"నేను ఉరకాలెనా, మోచెయ్యి సూసుకోవాలెనా, గదుమ సూసుకోవాలెనా? ఇంకొక్కటే పోటీ ఉన్నది, పదహారు రోజులకు. పన్నెండున్నర లోపల వస్తేనే రాష్ట్ర క్యాంపుల తీసుకుంటరు. రాకుంటే ఇగ ఉరుకను నాన్నా. ఎవ్వరు మల్ల గా బూట్ల ముచ్చట తియ్యొద్దు."

పదిహేను రోజుల క్రితం దాకా ఆ పిల్లకు పరుగు తప్ప వేరే ముచ్చట లేదు. బిక్షపతి ఆ మేకును చూశాడు, బూట్లను చూశాడు, కొట్టుకు వచ్చి కూర్చున్నాడు.

అప్పుడే చిదంబరం గారు వచ్చారు. రిటైరైన పెద్దమనిషి. ఘట్‌కేసర్ దగ్గర కొత్త ఇల్లు కట్టుకుంటున్నారు. చేతిలో తీగ కొస ఉంది, మొహంలో చిరాకుంది.

"మీరు మోసం చేశారండీ. బోరు నుంచి ఇంటికి సరిగ్గా వంద మీటర్లు. మీ దగ్గర ఒక వైరు కాయిల్ కొన్నాను. పది మీటర్లు తక్కువొచ్చింది."

బిక్షపతికి ఆ పూట ఎవరినైనా నాలుగు మాటలు అనాలని ఉంది. ఆ మనిషి తనంతట తానే నడిచి వచ్చాడు.

"కాయిల్ వంద మీటర్లుంటదని మీకు ఎవరు చెప్పిన్రు సార్? పాకెట్ మీద ఇంత అక్షరాలతోటి రాసుంటది, తొంభై మీటర్లని. సదువుకున్నోళ్లు, సూసుకోవద్దా? నూరంటే నూరు గజాలు. గజాలు! మీటర్లల్ల అది సుమారు తొంభై. ఏ కంపెనీదైనా గంతే, ఏ కొట్లైనా గంతే. గజానికి మీటరుకు తేడా తెల్వకుంట ఇల్లెట్ల కడుతున్నరు సార్ మీరు? తెలివి ఉన్నోడెవడన్న కాయిల్ పట్టుకొని వంద మీటర్లు..."

ఆ మాట అక్కడే ఆగిపోయింది. నోరు మాత్రం తెరుచుకునే ఉంది.

"ఏమైంది?" అన్నారు చిదంబరం గారు, కాస్త భయపడి.

బిక్షపతి బిల్లు పుస్తకం వెనక్కి తిప్పి లెక్క వేశాడు. తొంభై మీటర్లకు పదకొండు పాయింట్ నాలుగు. మిగిలిన పదికి ఒకటి పాయింట్ రెండు. మొత్తం పన్నెండు పాయింట్ ఆరు. పోయిన ఏటి టైమే అది. పిల్ల మెరుపూ కాలేదు, ఫామూ పోలేదు. ఎక్కడున్న మనిషి అక్కడే ఉంది. మరి మొదటి పోటీలో పన్నెండు పాయింట్ ఎనిమిది ఎందుకు పడినట్టు? ఆ రెండు పదో వంతులు ఎక్కడ పోయాయి?

సొరుగులోంచి జీవన్ రిపోర్టు తీశాడు. మొదటి రెండు పేజీలు దాటి ఎవరూ చదవలేదు, బహుశా జీవన్‌తో సహా. తొమ్మిదో పేజీలో అడుగున సన్నక్షరాల్లో ఉంది: 'తొంభై మీటర్లు దాటగానే చేతులు దిగిపోతున్నవి. అడుగు చిన్నదవుతున్నది. చిన్న విషయం, పట్టించుకోనక్కర్లేదు.'

రోజూ రెండో ఇటుక దగ్గర ఆగిన కాళ్లు, స్టేడియంలో కూడా రెండో ఇటుక ఉండవలసిన చోటే పరుగు అయిపోయిందనుకున్నాయి. అన్ని పేజీలలో, అన్ని గీతలలో, పిల్ల పరుగులో దొరికిన నిజమైన తప్పు ఒక్కటే. దాన్ని నేర్పింది నాచారంలో కొలత తప్పని మనిషి.

బిక్షపతి చిదంబరం గారిని కొట్లోనే వదిలేసి సత్యవేణి బడికి పోయాడు. గేటు దగ్గర పిల్లలకు తాడాట నేర్పుతున్న ఆమె, ఆయన మాటలు వెతుక్కుంటూ వెతుక్కుంటూ చెప్పిందంతా విన్నది. ఆమె నవ్వుతుందేమోనని ఆయన చాలా భయపడ్డాడు. ఆమె నవ్వలేదు. అది ఇంకా ఇబ్బందిగా ఉంది.

సాయంత్రం మానసను కూడా తీసుకుని ముగ్గురూ గోడ దగ్గరికి పోయారు. సత్యవేణి బడిలోని యాభై మీటర్ల టేపు పట్టింది. తొంభై మీటర్ల ఇరవై సెంటీమీటర్లు. ఆ ఇరవై కంపెనీవాళ్లు వేసిన కొసరు. మానస రెండో ఇటుక మీద కూలబడి కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వింది.

"గందుకే జల్దీ అయిపోతుండె! నేను చెప్తనే ఉంటి గద నాన్నా!"

"చెప్పినవ్ బిడ్డా. నేనే స్పీడనుకున్న."

"ఇంకేం చేయొద్దు," అంది సత్యవేణి. "టేపులు, పట్టీలు, పాయలు అన్నీ బంద్. ఈ ఇటుకను నూట పది మీటర్ల దగ్గర పెట్టండి. అక్కడిదాకా ఆపకుండా పరిగెత్తాలి. అంతే."

బిక్షపతి వంగి, నడుము పట్టుకుని, ఇటుక ఎత్తి తానే మోసుకుపోయి అక్కడ పెట్టాడు. ఆమె కొలిచింది. ఆయన చూస్తూ నిలబడ్డాడు. కొలత విషయంలో ఆయన ఊరికే నిలబడి చూడడం పెళ్లయ్యాక అదే మొదటిసారి అని శారదమ్మ తరువాత లెక్కగట్టింది.

మూడో పోటీకి డప్పు రాలేదు, ఆటోలు రాలేదు. మానస తొంభై దాటింది, చేతులు దించలేదు, గీత దాటి ఇంకో పది మీటర్లు అదే ఊపులో పోయింది. బోర్డు మీద 12.46 పడింది. రాష్ట్ర క్యాంపు జాబితాలో ఆఖరి పేరు ఆమెది.

వార్త చేరగానే తలా ఒకరు ఫోను చేశారు. మోచేయి సరిచేసినందుకే వచ్చిందని జీవన్ చెప్పాడు. ఆ రోజు గాలి తూర్పు నుంచి వీచిందని, పాయ ఒంటికి పట్టడానికి పదిహేను రోజులు పడుతుందని బాలరాజు చెప్పాడు. ఫ్లెక్సీలో అంకె మార్చి మళ్లీ కట్టించాడు. ఈసారి తన బొమ్మ ఇంకాస్త పెద్దది. బిక్షపతి ఎవరినీ కాదనలేదు. కాదనాలంటే ఇటుక సంగతి చెప్పాలి.

ఆ వారమే చిదంబరం గారు రెండో చుట్ట కోసం వచ్చారు. పాకెట్టును అటూ ఇటూ తిప్పి, అద్దాలు పెట్టుకుని చదివి, అయినా అనుమానం తీరక అడిగారు.

"ఇందులో కచ్చితంగా తొంభై ఉంటాయంటారా?"

బిక్షపతి గల్లా వెనక మేకుకు కొత్తగా వేలాడుతున్న యాభై మీటర్ల టేపు తీసి ఆయన చేతిలో పెట్టాడు.

"కొలుసుకోన్రి సార్. ముప్పై ఏండ్ల అనుభవం ఉన్నోడిని మాత్రం అడగొద్దు."