వద్దనే సాఫ్ట్‌వేర్

ఇకమీదట తానే ఒక కంపెనీ అని మా అమ్మాయి సోమవారం పొద్దున టీ తాగుతూ ప్రకటించింది. స్థాపించినదీ, చైర్మనూ, సిబ్బందీ అంతా తనే. హెడ్డాఫీసు మా భోజనాల బల్ల. ‘ఒక్కరే ఒక కంపెనీ’ పథకం కింద మంత్రిగారు శుక్రవారం స్వయంగా ఇంటికొచ్చి, సాఫ్ట్‌వేర్ బాగుంటే ప్రభుత్వానికి తీసుకుంటారట. వదిలేసొచ్చిన ఉద్యోగంలో మేనేజరు మంచివాడు. శనివారం దాకా కుర్చీ ఖాళీగా ఉంచుతానన్నాడు. ఆ కుర్చీ చల్లగా ఉండాలని నేను రోజూ దణ్ణం పెట్టుకున్నాను.

ఇక కావలసింది ఐడియా ఒక్కటే.

“అమ్మా, గొడుగు యాప్. వాన వస్తుందో రాదో ముందే చెబుతుంది.”

“రాదని చెప్పాక వస్తే? ఎవరో పెద్దాయన తడుస్తాడు. జ్వరం న్యుమోనియాలోకి దిగుతుంది. పోలీసులు మనింటికొస్తారు.”

అమ్మాయి ఆ ఐడియా కొట్టేసింది.

“పోనీ, టైలర్లు కొలతలు దాచుకునే సాఫ్ట్‌వేర్.”

“ఒకరి కొలతలు ఇంకొకరికి పడితే? పెళ్లికొడుకు కోటులో ఊపిరాడక పడిపోతాడే.”

“పెళ్లికొడుకే ఎందుకు పడాలమ్మా?”

“అందరూ చూస్తుంటారు కనక.”

అదీ కొట్టేసింది. బుధవారానికి నలభై ఒక్క ఐడియాలు పోయాయి. దేశానికి నలభై ఒక్క గండాలు తప్పించానన్న తృప్తి నాకు మిగిలింది.

గురువారం అమ్మాయికి విసుగొచ్చి, ఏ ఐడియా మంచిదో తేల్చడానికే ఒక సాఫ్ట్‌వేర్ రాసింది. తను ఉద్యోగంలో చేరినప్పటినుంచి జాగ్రత్తలు చెబుతూ నేను పంపిన మెసేజీలన్నీ, ఆరేళ్లవి, అందులో పోసింది. ఇక ఏదడిగినా అది “వద్దు” అని, కారణం చెప్పి, “తిన్నావా?” అని ముగించేది.

శుక్రవారం మంత్రిగారు కార్యదర్శితో వచ్చారు.

“ఏం చేస్తుందమ్మా ఇది?”

“ఏ పనైనా ఎందుకు చేయకూడదో అర నిమిషంలో చెబుతుంది సార్.”

కార్యదర్శిగారి కళ్లు చెమర్చాయి. “మన శాఖలో అదే పనికి నూట పన్నెండు మంది ఉన్నారు సార్. అయినా ఒక్కో అర్జీకి మూడేళ్లు పడుతోంది.”

వెంటనే ఒక వంతెన అర్జీ కొట్టి చూశారు.

“వద్దు. వంతెన ఉంటే జనం ఎక్కుతారు. ఎక్కినవాళ్లు కిందికి చూస్తారు. కళ్లు తిరుగుతాయి. తిన్నావా?”

“ఎంత పరిపాలనా అనుభవం!” అన్నారు మంత్రిగారు. “పైగా ప్రజల ఆకలి గురించి కూడా అడుగుతోంది. అన్ని శాఖలకూ తీసుకుంటున్నాం.” పెన్ను తీశారు.

“నిబంధన ప్రకారం కొనేముందు నిపుణుల అభిప్రాయం తీసుకోవాలి సార్” అన్నారు కార్యదర్శిగారు.

“దీన్ని మించిన నిపుణులెవరయ్యా? దీన్నే అడుగు.”

అడిగారు.

“వద్దు. మొదట బాగానే ఉంటుంది. తర్వాత కరెంటు పోతుంది. అందరూ నిన్నే అంటారు. తిన్నావా?”

మంత్రిగారు పెన్నుకి మూత పెట్టేశారు. “అద్భుతం. ఒక్క పొరపాటు లేదు” అని అమ్మాయి భుజం తట్టి, ఫొటో దిగి వెళ్లిపోయారు. పథకం ఘనవిజయమని మర్నాడు మీరు పేపర్లో చదివే ఉంటారు.

“పోనీలేవే తల్లీ” అన్నాను. “రేపు శనివారం. వెళ్లి పాత ఉద్యోగంలో చేరిపో.”

అమ్మాయి కంప్యూటర్ నా వైపు తిప్పింది. “నువ్వే అడుగు.”

ఒక్క వేలితో కొట్టాను.

“వద్దు. ఆ ఆఫీసు పదకొండో అంతస్తులో ఉంది. లిఫ్టు మధ్యలో ఆగిపోతుంది. తిన్నావా?”

రెండుసార్లు చదివాను. నిజమే. లిఫ్టు సంగతి నేను మరిచేపోయాను.