అంబదాసుని యంత్రపరివర్తన విజయము

గోదావరికి దక్షిణ దిగ్భాగమున, పసుపు కొమ్ముల ఘాటుతో వచ్చువారిని తుమ్మించి ఆహ్వానించు మెట్‌పల్లి మహాపట్టణమందు, ప్రభవ నామ సంవత్సర శ్రావణ శుద్ధ చతుర్దశి నాడు, అనగా పంతొమ్మిది వందల ఎనుబది యేడవ సంవత్సరమున, కరెంటు దినమునకు నాలుగు మార్లు పోయి మూడు మార్లే వచ్చు ఆ పుణ్యకాలమున, పద్మశాలీల వాడలో ఒక ఇరుకు నడవయందు జరిగిన ఘోర సంగ్రామమును చెప్పెద, వినుడు. టీ త్రాగువారు త్రాగుచునే వినవచ్చును. ఈ కథలో ఎవరును చావరు. చచ్చిన ఇంజన్ ఒకటి కలదు గాని, అది కథ మొదలు కాక మునుపే చచ్చినది.

ఆ యింటి యేలిక అంబదాసు. నూలుధూళిధూసరితశిరోజుడు, సాంచాద్వయమధ్యవిహారి, సహస్రకార్యారంభధురంధరుడు, ఏకకార్యసమాప్తిపరాఙ్ముఖుడు. కరెంటుతో నడుచు మగ్గమును ఆ సీమలో సాంచా అందురు. సేటు షెడ్డులో పదేండ్లు కూలికి సాంచాలు నడిపి, చెవులు సగము పోగొట్టుకొని, ఎట్టకేలకు పాతవి రెండు తెచ్చి తన యింటి లోపలి అర్రలో నిలిపినాడు మహానుభావుడు. వాటిపై నేసిన తువ్వాళ్లను తానే మూటగట్టి, గోదావరి దాటి, ఉట్నూర్ అడవి పల్లెల అంగళ్లలో తానే అమ్మును. ఎవని కిందను పనిచేయడు. ఆ ఒక్క సంగతి తలచినప్పుడు వాని రొమ్ము రెండంగుళములు పెరుగును. తక్కిన సంగతులు తలపకుండుటయే మేలు. మూడేండ్లుగా పొట్ట విప్పుకొని పడియున్న రేడియో, తలుపులు లేని గోడ అలమార, ఒక కోడు తక్కువైన మంచము, ఇవన్నియు ఆ యింట అంబదాసు చేత ఆరంభింపబడినవే.

ఉట్నూర్ అడవిబాటలు సామాన్య వాహనములను మన్నింపవు. కావున అంబదాసు తన పాత మోటారు సైకిలును స్వహస్తములతో అరణ్యరథముగ మార్చెను. ముందరి మడ్‌గార్డును బురద ఇరుకకుండ జానెడు పైకి లేపెను. సైలెన్సరును వాగునీరు అందనంత ఎత్తునకు వంచెను. పెద్ద పెద్ద బుడిపెలు గల టైర్లు తొడిగెను. ఇది పూర్తియైన కార్యము కాదా యని మీరడుగవచ్చును. హారన్ ఇంకను బిగింపలేదు. ఆ రథము ఆషాఢమాసమున ఖానాపూర్ అవతల ఒక వాగులో తువ్వాళ్ల మూటతో సహా మునుగగా, ఇంజన్ కడుపునిండ నీరు త్రాగి ప్రాణములు విడిచెను. సైలెన్సరు మాత్రము పొడిగనే యుండెను.

అంతట వీరుడు జమ్మికుంటకు పోయి, పత్తి మార్కెట్ యార్డు వెనుక పాత సామానుల గుట్టలో వేరొక జాతి బండికి చెందిన ఇంజన్‌ను వెదకి, బస్సు పైకెక్కించి తెచ్చెను. దాని నోటినిండ పత్తి కూరబడి యుండెను. పత్తి తీయగా గింజలు వచ్చెను, గింజలు తీయగా మరల పత్తి వచ్చెను. వానకు వెరచి బండిని వీధిలోనుండి నడవలోనికి, ముక్కు లోపలికుండునట్లు తోసికొని వచ్చి, రెండు రాళ్లపై నిలిపి, యుద్ధమారంభించెను. అది జరిగి నెల దినములైనది.

ఆ నెల దినములును ఆ యింటివారు వీధికి పోవలెనన్న గోడకు వీపు ఆనించి, కడుపు లోపలికి పీల్చి, అడ్డముగ నడిచిరి. నీళ్ల బిందెతో అట్లు నడుచుచు మోచేయి మూడుసార్లు కొట్టుకొన్న ఇల్లాలు సక్కుబాయి, చతుర్దశి నాటి ఉదయమున బిందెను ధడాలున దించి, బండి ముందర నిలిచి ఇట్లు పలికెను:

"ఇగో, ఒక్కటే మాట చెప్తున్న. రేపు జందాల పున్నం. మా అన్నలు, వదినెలు, అందరు మనింటికే తిననీకి వస్తరు. గోడ పొంటి పాక్కుంట రమ్మంటవా వాళ్లను? ఇయ్యాల పొద్దు గూకెలోపట నీ బండి తనంత తాను నడిచి గడప బయట పడ్డదా, ఉంచుకో. పడకపోతే మొండన్నకు కబురు పంపిన. కాంట మీదేసి తీస్కపోతడు. నువ్వు మళ్ల సేటు షెడ్డుకు నడువు."

మొండయ్య యనువాడు వీధులవెంట తోపుడుబండితో తిరిగి పాత ఇనుము తూచి కొనువాడు. ఆ పేరు వినగనే అంబదాసు లెక్క వేసికొనెను. బండి పోయిన అంగడి పోవును, అంగడి పోయిన సాంచాలు పోవును, ఆపై పదేండ్లు నిలిచిన ఆ షెడ్డులో అదే చోట మరల నిలువవలెను. సక్కుబాయికి ఆ సంగతి తెలియక కాదు. ఆ మాట అన్నందుకు ఆమెకు లోలోపల ఏడుపే వచ్చెను. అయినను అన్న మాటను వెనుకకు తీసికొనలేదు.

మధ్యాహ్నమునకు రణభేరి మ్రోగెను, అనగా కరెంటు పోయి సాంచాలు ఆగెను. సక్కుబాయి తమ్ముడును, బావకు సారథియు, సేనాపతియు, తిట్లకు తొలి గురియునైన లక్ష్మీరాజము పానాల సంచితో విచ్చేసెను. దూలమునకు తాడు వేసి ఇంజన్‌ను పైకి లాగిరి. అది ఒకసారి అంబదాసు పాదముపైనను, ఒకసారి లక్ష్మీరాజము పానాపైనను దిగి, మూడవసారి చట్రములో కూర్చుండెను. అప్పుడు లక్ష్మీరాజము వంగి చూచి, తల గోకికొనెను.

"బావా, గిదేంది? గీ ఇంజన్‌కు చైను ఎడమదిక్కున్నది. మన బండి ఎన్క చక్రానికి చైను పండ్లు కుడిదిక్కున్నయి. చైనెట్ల ఎక్కుతది?"

అది విని మహామహులైన మెకానిక్కులే పానాలు పారవేసి బీడీ ముట్టింతురు. అంబదాసు నవ్వెను. ఆ నవ్వులో పదేండ్ల విద్య మెరసెను.

"జర ఫికర్ జెయ్యకు, లచ్చిరాజం. నేను పదేండ్లు రెండు సాంచాల నడుమ నిలవడ్డోన్ని. ఒకటి కుడిచేతిది, ఇంకోటి ఎడమచేతిది. ఎదురుబొదురు తిప్పి నిలవెడితే రెండూ ఒక్కతీరే నేస్తయా లేదా? ఇంజనైతే మాత్రమేంది? తిప్పి పెట్టు!"

"తిప్పుడంటే? మూతి ఎన్కకా?"

"మూతి ఎటుంటే నీకేంది? చైను కుడిదిక్కుకు వస్తదా రాదా చూడు!"

వచ్చెను. సాంచాల విషయమున అంబదాసు పలికినది అక్షరాల సత్యము. కుడిదానిని ఎడమకు త్రిప్పినను గుడ్డ గుడ్డయే. కాని సాంచా నిలిచినచోటనే నిలిచి నేయును, ఎచటికిని పోదు. ఈ స్వల్పభేదము ఆ వీరునకు తట్టలేదు. బావ మాటపై గౌరవము చేత లక్ష్మీరాజమునకును తట్టలేదు.

తదుపరి జరిగిన పోరాటమును వర్ణింప నా కొక్క నాలుక చాలదు. బోల్టు రంధ్రము ఒకటియు కలియకపోగా, సాంచాలోని పాత ఇనుప పట్టీ నొకదానిని కోసి రంధ్రములు పొడిచి అడ్డువేసిరి. అదియు కదలుచుండగా, సాంచాలో పేకనూలు మోయు నాడెను అటునుండి యిటు విసరు తోలుపట్టీని తెచ్చి, ఇంజన్‌ను చట్రమునకు ఏడు చుట్లు చుట్టి కట్టిరి. చైను చాలకపోగా పాత చైను ముక్కను అతికిరి. కిక్కు లీవరు కాలికి వెనుక నుండవలసినది ముందరికి వచ్చి, తన్నుటకు బదులు కాలితో గుంజవలసి వచ్చెను. లక్ష్మీరాజము దానిని చూచి నోరు తెరచెను, బావ ముఖము చూచి మూసికొనెను.

అంతలో మొండయ్య వచ్చి, తోపుడుబండిని సరిగా గడపకెదురుగ, మురుగు పారు మోరి యొడ్డున ఆపి, కాంట విప్పి, బీడీ ముట్టించి కూర్చుండెను. తొందరలేని మనిషి. వాని చూపు ఇంజన్‌పై పడి, చట్రముపై పడి, ఎత్తైన సైలెన్సరుపై పడి, అన్నింటిని తూచి తిరిగి బీడీపై నిలిచెను.

"అంబదాసన్నా, పొద్దు వాలుతున్నది. ఇంక ఎంతసేపే?"

ఆ మాటకు అంబదాసు నూనెచేతులను తువ్వాలతో తుడిచికొని, పానా పైకెత్తి, వీధి యంతయు వినునట్లు ప్రతిజ్ఞ చేసెను:

"మొండన్నా, ఇను! వాడకట్టోళ్లందరు ఇనుండ్రి! అంబదాసు పని మొదలువెడ్తడు, ముడెయ్యడు అంటరు గదా మీరు? రేడియో చూపిస్తరు, అలమార చూపిస్తరు. ఇయ్యాల గీ బండి గడప దాటకపోతే, రేపు పొద్దుగాల నేనే పోయి సేటు షెడ్డుల నిలవడ్త. మళ్ల ఉట్నూర్ పేరెత్తను. దాటిందా, నీ కాంట నువ్వు సదురుకొని పోవాలె!"

"గట్లనే కానియ్," అనెను మొండయ్య.

ఇట్లు పలికి, బండి క్రింది రాళ్లు తీయించి, అంబదాసు దానిపై కూర్చుండెను. ఎదుట రెండు బారల దూరమున లోపలి అర్ర, అందు సాంచా, దానిపై నిన్ననే ఎక్కించిన కొత్త పడుగు. బండి ఒక్క దూకు దూకిన పడుగు తెగి పోగులగును. ఆ సంగతి గ్రహించి సక్కుబాయి పరుగున వచ్చి, సాంచాకు ముందర రెండు చేతులు చాచి నిలిచెను.

"అడ్డం జరుగు, సక్కూ!"

"జరగ. జర ముంగటికి తీసి బ్రేకెయ్యి. నడుస్తది అని తెలిసినంక అందరం గల్సి ఎన్కకు నూకుదం. గీ పడుగు మీదికొచ్చినవంటే మాత్రం చూడు!"

పదునాలుగు గుంజులకు ఇంజన్ పలుకలేదు. పదునైదవ దానికి తుమ్మెను. పదునారవ దానికి ఒక పత్తిగింజ ఎచటినుండియో వెలికివచ్చి లక్ష్మీరాజము చెవికి తగిలెను. పదునేడవ గుంజునకు భూనభోంతరాళములు దద్దరిల్ల, నడవ యంతయు నల్లని పొగ నిండ, నెల దినముల మౌనమును వీడి జమ్మికుంట ఇంజన్ గర్జించెను. అంబదాసు కన్నుల నీరు నిండెను. కొంత పొగవలన, కొంత సంతోషమువలన.

"ఎయ్ బావా, గేరు!" అని బండి వెనుకనుండి అరచెను లక్ష్మీరాజము.

అంబదాసు మొదటి గేరు వేసెను. ముందరి చక్రమును పడుగుకు తగులనీయక ఆపుటకై కాళ్లు రెండును నేలకు తన్ని పట్టెను. కన్నులు సక్కుబాయిపై నిలిపెను. మెల్లగ క్లచ్చు వదలెను.

బండి వెనుకకు దూకెను.

తన్ని పట్టిన కాళ్లు దానికి మరింత సాయపడెను. లక్ష్మీరాజము "వామ్మో!" యని గడప మీదుగ వీధిలోనికి ఎగిరెను. ఉట్నూర్ బురద కొరకు తొడిగిన బుడిపెల టైరు ఆ యెత్తైన గడపను కరచి, ఎక్కి, దిగెను. నోరు తెరచి, ముఖము ఇంటివైపుండగనే, వీపుతో వీధిని జయించుచు వెడలెను అంబదాసు. మొండయ్య బీడీ పడవేసి ప్రక్కకు దొరలెను. రథము తోపుడుబండిని తాకి, కాంట తక్కెడ పళ్లెములలో ఒకదానిని చక్రము క్రింద నొక్కి, టుప్పుమని ఆగెను.

లక్ష్మీరాజము లేచి దుమ్ము దులుపుకొనెను. మోరిలో నీరు పారుచుండెను.

"బావా, ఫస్టు గేరే గదా ఏసినవ్?"

"ఫస్టే."

"మరి ఎన్కకొచ్చిందేంది?"

అంబదాసు ఇంజన్ వైపు చూచెను. మూతి వెనుకకున్నది. వెనుకకు మూతి యున్నది వెనుకకే నడచును. ఒకటవ గేరును, రెండవదియు, మూడవదియు, నాల్గవదియు వెనుకకే. సాంచాకును బండికిని గల భేదము అప్పుడు, వీధి నడుమ, అందరి యెదుట ఆయనకు సంపూర్ణముగ బోధపడెను. సిగ్గుతో తల వాలెను.

"తీస్కపోనా మరి, చెల్లె?" అని మొండయ్య వంగిన తక్కెడను ఏరుకొనుచు అడిగెను.

సక్కుబాయి గడపలో నిలిచి యుండెను. ఆమె వెనుక పడుగులో ఒక్క పోగు తెగలేదు. నెల దినములలో మొదటిసారి నడవ ఈ కొస నుండి ఆ కొస వరకు ఖాళీగ నుండెను. ఆమె ఆ ఖాళీని చూచెను, వీధిలో తల వంచిన మగనిని చూచెను. కొంగు నోటికి అడ్డము పెట్టుకొన్నను నవ్వు ఆగలేదు.

"యాడికి తీస్కపోతవు, మొండన్న? ఎవలన్న నూకిన్రా దాన్ని? తనంత తానే వచ్చింది. అన్నమాట అన్నమాటే. నీ కాంట మా తమ్ముడు సక్కగ జేసిస్తడు."

"సక్కూ, పున్నం అయినంక మళ్ల విప్పి తిప్పుత," అనెను అంబదాసు. "చైనుకు వేరే ఉపాయం చూస్త. ముంగటికి సుత నడుస్తది."

"నడుస్తది తీయ్," అనెను సక్కుబాయి. ఎగతాళి లేకుండ అనెను.

ఇట్లు నూలుధూళిధూసరితశిరోజుడు, చతుర్గేరపశ్చాద్గమనరథుడు అగు అంబదాసు, గడప మొదలు మోరి వరకు ఆరడుగుల భూమండలమును, ప్రాణనష్టము లేకుండ, ఒక తక్కెడను మాత్రము వంచి, సంపూర్ణముగ జయించెను. మరునాడు పున్నమికి వచ్చిన చుట్టములు ఆ నడవలో ఇద్దరిద్దరుగ పక్కపక్కన నడిచి లోనికి పోయి భోంచేసిరి. వీధిలో మాత్రము, అందరును వెళ్లిన పిదప, సక్కుబాయి అర్రలోనుండి తువ్వాళ్ల మూటను తెచ్చి, బండి ముందరికి పోయి, హ్యాండిలుకు నాలుగు ముళ్లు వేసి కట్టుచుండెను.

"మూట ఎన్క గదనే కట్టేది?" అనెను అంబదాసు.

"గిదే గదా ఇప్పుడు ఎన్క," అనెను ఆమె, ముడి బిగించుచు.