పప్పు నానింది, గ్రైండరొచ్చింది

ఆ ఆదివారం మా ఇంట్లో గొడవ ఒక టమాటాతో మొదలైంది.

టమాటా మీద కత్తి పెట్టి నొక్కాను. తెగలేదు. ఇంకొంచెం గట్టిగా నొక్కాను. అది తెగే బదులు పేలి, పక్కనే నిలబడి కాఫీ తాగుతున్న మా ఆయన బనీను మీద గింజలతో సహా వాలింది.

"చూసి కొయ్యకూడదూ?" అన్నారాయన.

"చూసే కోశాను. కత్తికే చూపు పోయింది. సాన పట్టించమని చెప్పి చెప్పి నా నోరు కూడా మొద్దుబారింది."

"నీ నోరా? ఈ ఇంట్లో పదునుగా ఉన్న వస్తువు అదొక్కటే కదా ప్రభా!"

"అయితే రేపట్నుంచి బెండకాయలు దాంతోనే కోస్తాను. పక్కన కూర్చుని చూద్దురుగాని. లేదంటే వీధిలోకి సాన పట్టే అతను వచ్చినప్పుడు పిలవండి."

ఆయన గింజలు దులుపుకుని ఛాతీ విరిచారు. "ఒక కత్తికి సాన పట్టడానికి బయటి మనిషెందుకు? ఈ త్రినాథరావు ఉండగా?"

నాకు గుండె జారింది. ఎందుకు జారిందో చెబుతాను. వారమంతా ఇన్సూరెన్సు ఆఫీసులో బుద్ధిగా పనిచేసే మా ఆయన, ఆదివారం వచ్చేసరికి రిపేర్ల త్రినాథరావుగా మారిపోతారు. చంపాపేట్‌లో మేమున్న ఇంటి మేడ మీద, నీళ్ళ ట్యాంకు పక్కన ఒక రేకుల గది ఉంది. ఇంటి ఓనరు కౌసల్యమ్మగారు పాత మంచాలు పడేసుకునే ఆ గదిని ఆయన బతిమాలి తీసుకుని 'వర్క్‌షాప్' అని పేరు పెట్టారు. కిందటి నెల కాలింగ్ బెల్లు బాగుచేశారు. అప్పట్నుంచీ ఎవరైనా బెల్లు నొక్కితే మా బాత్రూంలో లైటు వెలుగుతోంది. చుట్టాలొచ్చారో లేదో తెలుసుకోవడానికి నేను బాత్రూం వైపు చూస్తూ వంట చేస్తున్నాను.

ఆయన స్కూటరు తీసుకుని వెళ్ళిపోయారు. కాసేపటికి ఫోను.

"ప్రభా! గ్రైండరు కొనేశాను. దిల్‌సుఖ్‌నగర్‌లో ఉన్నా, వచ్చేస్తున్నా."

మా అమ్మాయి అలేఖ్య స్కూల్లో ఉన్నప్పటి నుంచీ నేను గ్రైండరు అడుగుతున్నాను. ఇప్పుడది డిగ్రీ చదువుతోంది. మిక్సీలో రుబ్బిన పిండితో నేను చేసే ఇడ్లీలతో పిల్లలు క్యారమ్స్ ఆడుకోవచ్చు. పాపం, కత్తి గొడవ వంకతో బయటికెళ్ళి నన్ను ఆశ్చర్యపరచాలనుకున్నారు కాబోలు అనుకున్నాను. వెంటనే డబ్బాలో ఉన్న మినప్పప్పంతా నానబోశాను.

ఆయన వచ్చారు. కుంటుతూ వచ్చారు. అట్టపెట్టె తెరిస్తే, మధ్యలో మోటారు, చెరో పక్కనా ఒక గుండ్రటి రాయి.

"ఏవండీ, గిన్నేది?"

"ఏ గిన్నె?"

"పిండి రుబ్బేది."

"పిండేంటి? ఇది బెంచి గ్రైండరు. కత్తులకి సాన పడుతుంది. ఇనుముని పిండి చేస్తుంది!"

"అయితే అమ్మా, రేపు మనకి ఇనప ఇడ్లీలు," అంది అలేఖ్య.

నేను నానుతున్న పప్పు వైపు ఒకసారి, ఆయన కాలి వైపు ఒకసారి చూశాను. "ఆ కుంటుడేంటి?"

"చెప్పు కరిచింది."

"బొటనవేలి గోటి మీదా?"

"కొత్త చెప్పు."

"అది కొని ఏడాదైంది."

"దానికి ఇవాళ కరవాలనిపించింది. వదిలెయ్యి."

వదిలేశాను. ఆయన మంచి ఉత్సాహంలో ఉన్నారు. మిషనుతో వచ్చిన రాళ్ళు గరుకువట, గొడ్డళ్ళకీ పారలకీ పనికొస్తాయట. వంటింటి కత్తికి అంత గరుకు పనికిరాదని ఒక సన్నరాయి విడిగా కొన్నారట. రాయి మీద నంబరు పెరిగేకొద్దీ గరుకు తగ్గుతుందట; మిషను రాళ్ళది ముప్పై ఆరు, సన్నరాయిది నూట ఇరవై.

"అంటే ముప్పై ఆరు బొంబాయి రవ్వ, నూట ఇరవై మైదా."

"నీకన్నీ వంటింటి పోలికలే."

"గ్రైండరు అన్నది మీరు."

నేను కళ్ళజోడు పెట్టుకుని ఆ సన్నరాయి చీటీ చదివాను. రాయి తట్టుకునే వేగం మోటారు వేగం కన్నా ఎక్కువే ఉంది. అంతవరకు బాగుంది. కానీ అంచున ఒకచోట ఎర్రమట్టి అంటుకుని ఉంది.

"ఇదేంటి?"

"ఫ్యాక్టరీ మరక."

"ఫ్యాక్టరీలో ఎర్రమట్టి ఉంటుందా?"

"నువ్విది కుండ అనుకుంటున్నావా? మొదలుపెట్టావూ!" అంటూ లాగేసుకుని మేడ మీదికి వెళ్ళిపోయారు.

కుండ మాట ఎందుకొచ్చిందంటే, ఎండాకాలం మంచినీళ్ళ కుండ కొనడానికి వెళ్ళినప్పుడు నేను వరసలో ఉన్న ప్రతి కుండనీ వేలితో కొట్టి, చెవి పెట్టి వింటాను. టంగ్ మంటేనే కొంటాను. కుండలమ్మే ఆవిడ నన్ను దూరం నుంచే చూసి, "టంగుటమ్మ ఒచ్చింది, ఇగ సంత బంద్!" అంటుంది. ఆ పేరు మా ఆయనకి ఎంత నచ్చిందో చెప్పలేను. నాతో వాదనలో ఓడిపోయిన ప్రతిసారీ వాడతారు. అంటే రోజూ వాడతారు.

మధ్యాహ్నానికి మేడ మీద ఉత్సవం తయారైంది. ఆయన అందరినీ పిలిచేశారు. కౌసల్యమ్మగారు చీర కొంగులో చుట్టి తన కత్తిపీట తెచ్చారు. వెనకే ఆవిడ కూతురు అరుణజ్యోతి. ఏడో నెల. మర్నాడే శ్రీమంతం.

"సారూ, రేపు ఇల్లంత చుట్టాలు. గంపెడు కూరగాయలు కొయ్యాలె. గీ కత్తిపీటకి జర సాన పట్టియ్యి. మా అత్త ఇచ్చింది, ఖరాబ్ చెయ్యకు మల్ల."

"అమ్మా, మీ వెంట్రుక గాల్లో వేస్తే రెండవుతుంది, చూడండి."

"నా ఎంట్రుకలు నాకుండనియ్యి సారూ. సొరకాయ తెగితే సాలు."

అరుణజ్యోతికి ప్లాస్టిక్ కుర్చీ వేశారు. సరిగ్గా రాయికి ఎదురుగా. బాగా కనబడాలని. అలేఖ్య వీడియో తీయడానికి ఫోను పట్టుకుని ఇంకా దగ్గరికి వెళ్ళింది. రాయి మీద ఉండాల్సిన రేకు డొప్ప కింద పడి ఉంది.

"అది తీసేశారేం?"

"అడ్డం. పని కనబడదు."

ఆయన వంగి బోల్టు బిగిస్తుంటే, చెప్పులోంచి బొటనవేలు బయటికొచ్చింది. గోరంతా నల్లగా కమిలిపోయి ఉంది. ఏ చెప్పూ అలా కరవదు. ఏదో బరువైనది పైనుంచి పడింది. అది పడ్డచోట ఎర్రమట్టి ఉండి ఉండాలి. ఆ మట్టే రాయి అంచుకి అంటింది. అంటే పడింది ఆ రాయే.

కింద పడిన కుండలో బీటుంటే నీళ్ళు కారతాయి, అంతే. అంత వేగంగా తిరిగే రాయిలో బీటుంటే? ఎదురుగా కుర్చీలో, పొట్ట మీద చెయ్యి వేసుకుని నవ్వుతూ ఆ పిల్ల.

అరిచి ఆపవచ్చు. కానీ అందరి ముందూ అరిస్తే ఈయన మొండికేస్తారని నాకు తెలుసు. అరుపు పూర్తయ్యేలోపే స్విచ్చి నొక్కేస్తారు. అందుకని వెనక్కి నడిచి, గోడ దగ్గర ప్లగ్గు పీకి కొంగు చాటున పెట్టుకున్నాను.

"రెడీ!" అని ఆయన స్విచ్చి నొక్కారు. ఏమీ కాలేదు. మళ్ళీ నొక్కారు. "కరెంటు పోయినట్టుంది."

"ఏడ పోయింది సారూ? కింద మా టీవీ మోగుతనే ఉన్నది గదా."

"కరెంటు నా చేతిలో ఉంది," అని ప్లగ్గు చూపించాను. "ఆ రాయి ఒకసారి విప్పండి. మోగించి చూస్తాను."

ఆయన మొహం ఎర్రబడింది. "వచ్చిందండీ టంగుటమ్మ! ప్రభా, ఇది కుండ కాదు, మెషినరీ."

"విప్పండి."

"అందరి ముందూ ఏంటిది?"

"అందరూ ఉన్నారనే విప్పమంటున్నాను."

కౌసల్యమ్మగారు నా మొహం చూశారు. ఏం కనబడిందో, లేచి కూతురి కుర్చీకి అడ్డంగా నిలబడ్డారు. "విప్పు సారూ. ఆమె ఉత్తగనే అనదు."

విప్పారు. అలేఖ్య కిందికెళ్ళి పప్పుగుత్తి తెచ్చింది. మొదట మిషనుతో వచ్చిన గరుకురాయిని వేలికి తగిలించి, పప్పుగుత్తి పిడితో మెల్లగా కొట్టాను. టంగ్. గుడిగంటలా మోగింది. తర్వాత సన్నరాయి.

డొప్.

ఇంకోచోట కొట్టాను. డొప్.

"పలిగిన కుండ సప్పుడు," అన్నారు కౌసల్యమ్మగారు నెమ్మదిగా.

"సన్నరాయి కదండీ, మెల్లగా మాట్లాడుతుంది," అన్నారు మా ఆయన.

"మరి మీరూ మెల్లగా మాట్లాడుతున్నారేం?"

ఒప్పుకోవడం లేదు. సరే అనుకున్నాను. "మీ మాటే నిజం కావచ్చు. బిగించండి. మేమంతా మెట్ల గదిలో తలుపేసుకుని ఉంటాం. ఈ కుర్చీలో మీరు కూర్చుని, ఎదురుగా చూస్తూ స్విచ్చి నొక్కండి."

అందరినీ లోపలికి పంపి, తలుపు సందులోంచి చూస్తున్నాను. ప్లగ్గు ఇంకా నా గుప్పిట్లోనే ఉంది. తిట్టుకోవద్దు, నాకున్న మొగుడు ఆయనొక్కరే.

ఆయన రాయి బిగించారు. కుర్చీలో కూర్చున్నారు. లేచారు. పక్కకి జరిగి చెయ్యి చాపారు.

"ఎదురుగా!" అన్నాను.

ఇంకొంచెం పక్కకి జరిగారు. ఇంకొంచెం. అలా జరుగుతూ జరుగుతూ నీళ్ళ ట్యాంకు వెనక్కి చేరారు. అక్కణ్ణుంచి స్విచ్చి అందదు. ట్యాంకు వెనక నుంచి తల మాత్రం బయటపెట్టి నన్ను చూశారు.

"కొత్తపేట దగ్గర కవరు తెగింది," అన్నారు.

"ఎక్కడ పడింది?"

"ముందు నా వేలి మీద. తర్వాత తవ్విపోసిన రోడ్డు మీద."

"వచ్చాక చెప్పచ్చుగా?"

"చెబితే మోగిస్తావని."

నవ్వు రావలసిన మాటే. కానీ ఎవరూ నవ్వలేదు. ఆయనే వచ్చి రాయి విప్పి, గచ్చు మీద పెట్టి, సుత్తితో చిన్నగా తట్టారు. బిస్కట్టులా రెండు ముక్కలైంది. విరిగిన చోట లోపలి దాకా ఎర్రమట్టి చార. ఆ చారని చూసి, తర్వాత అరుణజ్యోతి కూర్చున్న కుర్చీని చూసి, మా ఆయన మెల్లగా నేల మీద కూర్చుండిపోయారు.

"నా బిడ్డ ముంగట గిది తిప్పుతుంటివా సారూ," అన్నారు కౌసల్యమ్మగారు. కోపంగా కూడా అనలేదు. అందుకే ఆయన తల ఇంకా కిందికి పోయింది.

సాయంత్రం ఆయన ఎవరూ అడగకుండానే కౌసల్యమ్మగారి కత్తిపీటనీ మా కత్తినీ తువ్వాల్లో చుట్టి, సైదాబాద్‌లో సాన పట్టే అతని దగ్గరికి వెళ్ళారు. పట్టించి తెచ్చి, కత్తిపీట కింద వాటాలో ఇచ్చి, పైకొచ్చి బెల్లు నొక్కారు. బాత్రూంలో లైటు వెలిగింది. వెళ్ళి తలుపు తీశాను.

నానిన పప్పంతా ఏం చెయ్యను? మిక్సీలో రుబ్బి గారెలు వేశాను. మిక్సీ గారెలు కదా, కాస్త గట్టిగానే వచ్చాయి. ఆయన ఒక్క వంక కూడా పెట్టకుండా నాలుగో గారె తింటూ గొంతు సవరించుకున్నారు.

"ఒక నిర్ణయం తీసుకున్నాను," అన్నారు కంచంలోకి చూస్తూ. "ఇకనుంచి ఈ ఇంట్లోకి రాయి ఉన్న వస్తువేదైనా మీ అమ్మ మోగించాకే వస్తుంది."

"మరి నీ తల నాన్నా?" అంది అలేఖ్య.

"అది మా నాన్నగారు పెళ్ళిచూపుల్లోనే మోగించారులే," అన్నాను. "అప్పుడు బాగానే మోగింది."

ఆయన నవ్వకుండా ఉండటానికి గారె కొరికారు. కష్టపడి నమిలారు. "ఇంకో సంగతి. ఆ మిషను వెనక్కి తీసుకుంటారేమో రేపు కనుక్కుంటాను. తీసుకున్నా, తీసుకోకపోయినా, రేపు సాయంత్రం ఇద్దరం కలిసి వెళ్ళి గ్రైండరు కొంటున్నాం."

నేను వడ్డిస్తున్న గరిటె ఆపాను. "ఏ గ్రైండరు?"

"ఇడ్లీలదే."

"ఇంకోసారి చెప్పండి."

"ఇడ్లీల గ్రైండరే ప్రభా! గిన్నె ఉండేది!"

అప్పుడు లేచి వెళ్ళి, కొత్త మినప్పప్పు ప్యాకెట్టు విప్పాను. కానీ పప్పు నానబొయ్యలేదు. డబ్బాలో పోసి మూత పెట్టాను. అది నానేది, ఆ కొత్త గ్రైండరు రాయి నా చేతి కింద టంగ్ మన్న తర్వాతే.