మొగిలికుంట మీద పదకొండు పాటలు

శామీర్‌పేట మండలం గర్వించదగిన వార్త. స్థానిక మెటల్‌కోర్ బృందం ‘తూము’ తన తొలి ఆల్బమ్ ‘మొగిలికుంట’ను గత నెల పేట్ బషీరాబాద్‌లోని ఒక ఫంక్షన్ హాల్లో విడుదల చేసింది. మెటల్‌కోర్ అంటే తెలియని సంగీతాభిమానులకు మనవి: గిటార్లు లారీ ఇంజన్లలా గర్జిస్తాయి, డ్రమ్ములు పక్కటెముకల్లో మోగుతాయి, గాయని గొంతు చించుకుని అరుస్తుంది. ఏం అరిచిందో అర్థమైతే అది మంచి మెటల్‌కోర్ కాదు.

గాయని సుప్రజ దుండిగల్‌లో ఇంజనీరింగ్ చదివింది. ఆమె తండ్రి సత్తయ్యకు మొగిలికుంట కింద ఎకరం మడి ఉంది. కుంటను అప్పటికే సగానికి పైగా మట్టితో పూడ్చి ప్లాట్లు చేశారు. మిగిలింది కూడా పోతే మడికి నీళ్లుండవు. సుప్రజ ఐదు అర్జీలు పెట్టింది. అధికారులు ఐదింటినీ ఎంతో గౌరవంగా అందుకుని, ముద్ర వేసి, రసీదు ఇచ్చారు. ఇంతకన్నా పరిపాలన ఏం చేయగలదు? కాబట్టి ఆమె పదకొండు పాటలు రాసింది. వాటి నిండా పూడ్చిన సర్వే నంబర్లు, పూడ్చబోయే నంబర్లు, పూడ్చినవాడి పేరు.

ముఖ్య అతిథి లేకుండా హాలు ఇచ్చే ఆచారం మన దగ్గర లేదు. డ్రమ్మర్ బాలేష్ వెళ్లి ఒక పెద్దమనిషిని పిలుచుకొచ్చాడు. ఆయన పేరు రాఘవేందర్. కుంటను పూడ్చింది ఆయనే.

“ఇంకెవ్వరు దొరకలేదారా నీకు?” అంది సుప్రజ.

“హాలాయన దోస్తు గాయినే. పరేషాన్ గాకు, ఆయినకేం సమజైతది?” అన్నాడు బాలేష్.

సమజ్ కాలేదు. సుప్రజ ఆయన పేరును ఆయన మొహం మీదే పదిహేడుసార్లు అరిచింది. ఆయన తల ఊపాడు, మోకాలి మీద తాళం వేశాడు, సుప్రజకు శాలువా కప్పి మైకు అందుకున్నాడు.

“మన ఆడబిడ్డ గింత గట్టిగ ఒర్రుతదని నాకెరుక లేకుండె! ఒక్క ముక్క సమజ్ కాలే, అయినా మస్తనిపించింది. గీ కళను కాపాడుడు మనందరి బాధ్యత!”

చప్పట్లు. సుప్రజకు ఒళ్లు మండింది. పాటలు అచ్చేసిన కాగితాలు తెచ్చి హాలంతా పంచిపెట్టింది. జనం చదివారు. రాఘవేందర్ చెమట తుడుచుకున్నాడు. ప్రజాచైతన్యం కళ్లు తెరిచే చారిత్రక ఘడియ అది.

మూడో వరుసలో ఒకాయన లేచాడు. “చెల్లె, అయిదు అర్జీలు పెట్టినా ఎవ్వరు ఆపలేదని రాసినవు. నిజమేనా?”

“నిజమే అన్నా!” అంది సుప్రజ.

“ఇగ గింతకంటె క్లియర్ టైటిల్ ఏముంటది? రాఘవేందరన్నా, నూట పదహారో నంబర్ల ప్లాట్లేమన్న మిగిలినయా?”

కాగితాలు క్షణాల్లో అయిపోయాయి. దొరకనివారు ఫోన్లలో ఫొటోలు తీసుకున్నారు. పూడ్చబోయే నంబర్లున్న ఏడో పాటను రాఘవేందర్ వేదిక మీదే ‘ఫేజ్ టూ’గా ప్రకటించాడు.

మర్నాడు సత్తయ్య మడి దగ్గర్నుంచి ఫోన్ చేశాడు. “బిడ్డా, నీ పాటల మన మడి నంబరు గూడ జెప్పినవా?”

“చెప్పిన బాపూ. నీళ్లు లేక ఎండిపోతదని.”

“గందుకేనా! పొద్దుగాల సంది ఒకటే కార్లు. నాటేసిన మడిల నిలబడి ఫోన్ల దిక్కులు జూస్తుండ్రు.”

పదిహేను రోజుల్లో కుంట పూడింది. మడి ఎండింది.

ఇంతవరకు చదివి సుప్రజ కోసం బాధపడిన సహృదయ పాఠకులకు కృతజ్ఞతలు. మర్యాద అడ్డొచ్చి మీరు అడగలేకపోయిన సందేహానికి జవాబు: తూర్పు ముఖం ప్లాట్లు అయిపోయాయి. ఉత్తరం ముఖానివి నాలుగున్నాయి.