పేజీకి రెండు రూపాయల కృతజ్ఞత

విద్యార్థి దగ్గర పేజీ లెక్కన డబ్బు వసూలు చేయని కాలేజీని నేను కాలేజీగా ఒప్పుకోను. అది సత్రం. సత్రంలో భోజనం ఉచితం కావచ్చు, జ్ఞానం కాకూడదు!

ఈ సత్యాన్ని శంషాబాద్ దాటాక, నెత్తిమీద నుంచి పోయే విమానాలు సగం పాఠాన్ని మింగేసే చోట ఉన్న ఒక ఇంజనీరింగ్ కాలేజీ రెండువేల పన్నెండులో గ్రహించింది. అంతకుముందు అక్కడి ల్యాబ్‌లో ప్రింటు ఉచితం. ఏమైందో తెలుసా? పిల్లలు క్రికెట్ మ్యాచ్‌ల షెడ్యూలు తీసుకున్నారు. అక్క పెళ్లికి శుభలేఖ నమూనాలు తీసుకున్నారు. ఒకడైతే తన ఫొటోనే తీసి హాస్టల్ గోడల నిండా అంటించాడు. దేశం ఇలాగైతే ముందుకు పోతుందా?

అందుకని కొత్త పద్ధతి పెట్టారు. ఆఫీసు కౌంటర్లో డబ్బు కట్టి బ్యాలెన్స్ వేయించుకోవాలి, రోల్ నంబరుతో లాగిన్ కావాలి, పేజీకి రెండు రూపాయలు. కాగితం మెషీన్లో ఇరుక్కుని చిరిగినా రెండు రూపాయలే. మెషీన్ పని మెషీన్ చేసింది కదా! బయట షాపులో సగం ధరకే వస్తుంది అంటారేమో, అది చెల్లదు. కాలేజీ నెట్‌వర్క్‌లో తీసినదానికే అడుగున కాలేజీ పేరు పడుతుంది. చదువుకు ఆమాత్రం మడి అక్కర్లేదా?

ఫలితం చూడండి. పిల్లలకు పొదుపు అబ్బింది. రవీందర్ అనే కుర్రాడు అక్షరాలను ఎంత చిన్నవి చేశాడంటే, వాడి అసైన్‌మెంట్ దిద్దిన లెక్చరర్ కొత్త కళ్లద్దాలు చేయించుకోవలసి వచ్చింది. దాంతో కళ్లద్దాల వ్యాపారమూ పెరిగింది.

అయినా ఈ సంస్కరణ గొప్పతనం పూర్తిగా తెలియాలంటే ప్రేమలత సంగతి చెప్పాలి.

ప్రేమలతది ఆ పక్క ఊరు పాల్మాకుల, ఫైనలియర్. తండ్రి పెంటయ్య ఆకుకూరలు పండించి తెల్లారకముందే శంషాబాద్ మార్కెట్‌కు మోస్తాడు. ఆమె ప్రింటు బ్యాలెన్స్ ఆ కూర కట్టల్లోంచే వస్తుంది. పెంటయ్యకు చదవడం వచ్చిన అక్షరాలు తన పేరులోవి మాత్రమే. అందుకే ప్రాజెక్టు రిపోర్టు కృతజ్ఞతల పేజీలో ఆ పేరు అందరికంటే ముందు పెట్టింది. "పుస్తకంల నీ పేరు పడ్తది బాపూ" అని ఇంట్లో మాట కూడా ఇచ్చింది. బాపు వేలు పెట్టి ఆ పేరు చదువుకుంటుంటే చూడాలని ఆమె ఆశ.

హెచ్‌ఓడీ గారు ఆ పేజీ చూసి పెన్ను మూత పెట్టేశారు. ఆయన సంతకం లేనిదే వైవా లేదు.

"వరస తెలియదా అమ్మా? ముందు చైర్మన్ గారు, తర్వాత సెక్రటరీ గారు, ప్రిన్సిపాల్ గారు, ఆ తర్వాత నేను. తల్లిదండ్రులు చివర్లో. మార్చి తీసుకురా."

మార్చి తెచ్చింది. చైర్మన్ గారి పేరు ముందు డాక్టర్ లేదు, ఆయనకు ఈమధ్యే ఎవరో ఇచ్చారు. మళ్లీ ప్రింటు. సెక్రటరీ గారి అబ్బాయి ఆ వారమే వైస్ చైర్మన్ అయ్యాడు. మళ్లీ ప్రింటు. ఆ అబ్బాయి దూరదృష్టి గురించి ఇంకో రెండు వాక్యాలు ఉంటే బాగుంటుందన్నారు. ఒక్కో పెద్దమనిషి వచ్చి కూర్చుంటున్నకొద్దీ పెంటయ్య, అనంతమ్మ దంపతులు కిందికి జరిగి జరిగి, చివరికి రెండో పేజీలో పడ్డారు.

"కృతజ్ఞతలు ఒక్క పేజీయే ఉండాలమ్మా. కాగితం ఎందుకు వృథా?" అన్నారు హెచ్‌ఓడీ గారు.

ప్రేమలత ల్యాబ్‌లో ప్రింటర్ చూసుకునే మధు దగ్గరికి పరుగెత్తింది.

"మధన్నా, జర ఒక్క లైన్ పట్టెటట్టు చెయ్యవా? మా బాపు పేరున్నదే."

"ఎట్ల పడ్తది చెల్లె? అక్షరం తగ్గిస్తే సార్ ఒప్పుకోడు. నీ బ్యాలెన్స్ సూస్తే ఒక్క పేజీకే ఉన్నది, కౌంటర్ గూడ మూసిండ్రు. సంతకాలకు ఇయ్యాల్నే ఆఖరు గదా, ఇగ నువ్వే సూస్కో."

ప్రేమలత కంప్యూటర్ ముందు చాలాసేపు కూర్చుంది. తర్వాత అమ్మ పేరు, బాపు పేరు చెరిపేసి ప్రింటు కొట్టింది. సంతకం అయింది. ఏడుపు మాత్రం బస్సెక్కేదాకా ఆపుకుంది.

బైండింగ్ చేయించిన పుస్తకం ఇంటికి తెస్తే పెంటయ్య చేతులు కడుక్కుని, తువ్వాలుకు తుడుచుకుని మరీ అందుకున్నాడు.

"యాడున్న బిడ్డా నేను?"

"జాగ సాల్లేదు బాపూ. అన్నీ పెద్ద సార్ల పేర్లే."

ఆయన ఆ పేజీ మీద వేలు పెట్టి పైనుంచి కిందిదాకా జరిపాడు. "పోనీ తియ్యి. పెద్దోళ్లు ఉన్నరు గద" అని పుస్తకం జాగ్రత్తగా మూసి ఇచ్చాడు.

ఇక్కడ కొందరు పాఠకులు కాలేజీని తిట్టడానికి సిద్ధమవుతారు. తొందరపడకండి! పద్ధతి మంచిదే. దాన్ని సగంలో ఆపేయడమే పొరపాటు. పేజీకి ఇంత అన్నవాళ్లు పేరుకు ఇంత అని కూడా అనాలి. ఎవరి పేరు అచ్చు కావాలో వాళ్లే కౌంటర్ ముందు నిలబడి, తమ జేబులోంచి రెండు రూపాయలు కట్టాలి. చైర్మన్ గారూ, సెక్రటరీ గారూ, దూరదృష్టి గల అబ్బాయి గారూ, దయచేసి లైన్లో రండి. చిల్లర తెచ్చుకోండి.

వాళ్లెవరూ రారని నాకు తెలుసు. ఆ పుస్తకంలో ప్రతి కాగితానికీ కట్టిన మనిషి ఒక్కడే వస్తాడు. అప్పుడు ఆ పేజీలో పెంటయ్యకు కావలసినంత జాగా!